సంభాషణయే కథయైన ప్రేమచిత్రములు

మన ప్రేమకథాచిత్రములలో సంభాషణకు సాధారణముగా రెండవ స్థానమే లభించును. అనురాగమును పాట చెప్పును. వియోగమును సంగీతము చెప్పును. కథ ముందుకు సాగుటకు మాత్రమే మాట అవసరమగును. వాచికాభినయమును భరతుడు నాట్యమునకు శరీరమువంటిదిగా భావించినను, ఇద్దరు వ్యక్తులు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుటయే కథగా గల చిత్రములు మనకు అరుదు. అట్టివానిలో రెండు హిందీ చిత్రములు పరిశీలింపదగినవి: గుల్జార్ 'ఇజాజత్' (1987), ఋతుపర్ణ ఘోష్ 'రెయిన్‌కోట్' (2004). రెండింటికిని మూలము కథాసాహిత్యమే.

'ఇజాజత్'నకు ఆధారము సుబోధ్ ఘోష్ రచించిన బెంగాలీ కథ 'జతుగృహ'. తపన్ సిన్హా దానిని అదే పేరుతో 1964లో బెంగాలీ చిత్రముగా తీసెను. జతుగృహమనగా భారతమునందలి లక్క యిల్లు. పైకి నివాసయోగ్యముగా కన్పట్టుచు, లోలోపల దహనమునకు సిద్ధముగానున్న కాపురమునకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.

విడిపోయిన దంపతులైన మహేందర్, సుధ ఏండ్లు గడచిన పిమ్మట ఒక వర్షపు రాత్రి రైల్వే వెయిటింగు రూములో ఎదురుపడుదురు. ఆ గది ఇద్దరిలో ఎవరిదియు కాదు; అక్కడ ఎవరును గృహస్థు కారు, ఎవరును అతిథి కారు. కాపురమున్న నాళ్ళలో నోటికి రాని మాటలు ఆ పరాయి గదిలో వచ్చును. అయితే చిత్రము మాటిమాటికి ఆ గదిని విడిచి గతములోనికి పోవును. చెప్పువారి ముఖమును, వినువారి ముఖమును చూడవలసిన క్షణమున ప్రేక్షకునకు జరిగిపోయిన సంఘటన కన్పించును. అది కథకు లాభము, సంభాషణకు నష్టము.

రాత్రియంతయు మాటలాడిన సుధ, తనకు మరల వివాహమైన సంగతి మాత్రము చెప్పదు. తెల్లవారి భర్త వచ్చిన పిమ్మటనే అది మహేందర్‌నకు తెలియును. మునుపు చెప్పకుండ వెడలిపోయిన ఆమె ఈసారి అతని పాదములంటి అనుమతి కోరును. చిత్రము పేరునకు అర్థమదియే. విడిచివచ్చిన పురుషుని అనుమతి ఆమెకేల యని నేటి పాఠకునకు మనసు చివుక్కుమనుట సహజము. కాని వెడలునది ఆమెయే, నిలిచిపోవువాడు అతడే. సంభాషణను ముగించు అధికారము ఆమె చేతిలోనే యున్నది.

'రెయిన్‌కోట్'నకు ఓ. హెన్రీ రచించిన 'ద గిఫ్ట్ ఆఫ్ ద మేజై' ప్రేరణ. ఉద్యోగము పోయి, స్నేహితులను ధనసహాయ మడుగుటకు కలకత్తా వచ్చిన మనోజ్, ఎరువు తెచ్చుకొన్న వానకోటుతో తన పూర్వప్రేయసి నీరజ యింటికి పోవును. కిటికీలు మూసిన ఆ చీకటి గదిలో అతడు తన వ్యాపారమును గూర్చియు, ఆమె తన ఐశ్వర్యమును గూర్చియు చెప్పుకొందురు. రెండును అబద్ధములే. ఆమె అతని కోటు తొడుగుకొని ఆహారము తెచ్చుటకు పోయిన వేళ ఇంటి యజమాని వచ్చును. ఆమె దుఃస్థితి బయటపడును. మనోజ్ తాను యాచించి తెచ్చిన ధనమును ఆమె అద్దెబాకీ క్రింద ఇచ్చివేయును. కోటు జేబులోని ఉత్తరమువలన అతని స్థితి గ్రహించిన నీరజ, అదే జేబులో తన నగల నుంచును. ఎవరును ఎవరితోను నిజము పలుకలేదు. ఇద్దరికిని నిజము తెలిసిపోయినది. అభిమానము పలికించిన అబద్ధము, ఎదుటివారు నమ్మినట్లు నటించుటచేత, కానుకగా మారినది.

ఈ రెండు చిత్రములకును బలము నిచ్చినది కథానికకు సహజమైన పరిమితి: ఒక గది, ఒక వాన, కొద్ది గంటల వ్యవధి. మాటల విస్తారముచేత మాత్రమే సంభాషణ ప్రేమకథ కాజాలదు. సుధ తన నూతన జీవితమును దాచినది. మనోజ్, నీరజలు తమ దారిద్ర్యమును దాచిరి. ఎదుటివారి మేలు కోరి నాలుక చివర నిలిపివేసిన ఒక్క మాట వెనుకనుండుటచేతనే, పైకి పలికిన మాటలన్నియు వినదగినవైనవి.