లెక్కకుఁ జదువుట

అమెరికా రచయిత్రి హాలీ బ్లాక్ 2018లోఁ బ్రకటించిన ‘ది క్రూయెల్ ప్రిన్స్’ అను యువజన నవలలోని ఫెయిరీ జాతివారు అసత్యమాడఁజాలరు. అయినను సత్యమునే మెలిపెట్టి వంచింపఁగలరు. తన తల్లిదండ్రులను జంపినవాని యింటనే పెరిగిన జూడ్ అను మానవకన్య, అబద్ధమాడఁగల శక్తినే యాయుధముగాఁ గొని యా రాజసభలో నధికారము సంపాదించును.

ఇట్టి గ్రంథములు పిల్లలను జెఱచునని కొందఱు పెద్దలందురు. మేమట్లు తలంపము. అధికారమునకై చెల్లింపవలసిన మూల్యమెట్టిదో యిందుఁ జక్కఁగాఁ జూపఁబడినది.

మాకు వెఱపు గొల్పునది వేఱొకటి: ఏఁటికి 50 లేక 100 పుస్తకములు ముగింతుమని గుడ్‌రీడ్స్ వంటి చోట్లఁ బందెము పూనుట. పందెము సోమరిచేతఁ బుస్తకము పట్టించును, నిజమే. కాని సంఖ్యయే గమ్యమైనపుడు పుటలు త్రిప్పుటయే గాని యాలోచన నిలువదు. జూడ్ గెలిచి పోఁగొట్టుకొన్నదేమి యని యడిగిన బదులు చెప్పలేని బాలిక నూఱు చదివియు నేమి చదివినట్లు? తల్లిదండ్రులారా, ఎన్ని చదివితివని గాక, ఏమి తోఁచినదని యడుగుఁడు.