దెబ్బ తిన్నది డానా!

సీరియల్ చూసి మనవాళ్లు ఎవరి పక్షం చేరతారో చెప్పలేం సుమండీ! 2025లో వచ్చిన 'ది పిట్' అనే అమెరికా సీరియల్‌నే తీసుకోండి. పిట్స్‌బర్గ్‌లో ఒక ఆస్పత్రి, అందులో ఎమర్జెన్సీ వార్డు. ఒక్క రోజు డ్యూటీ కథే, గంటకో భాగం చొప్పున 15 భాగాలు. ఛాతీ నొప్పని వచ్చిన ఒకాయన గంటల తరబడి కుర్చీలో కూర్చుని, విసిగిపోయి, బయట సిగరెట్ కాల్చుకుంటున్న హెడ్ నర్సు డానా మొహం మీద ఒక్క గుద్దు గుద్ది పోతాడు.

మా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో సగం మంది ఆయన పక్షమే! "కొట్టడం తప్పేననుకోండి, అయినా అంతసేపు కూర్చోబెడితే ఒళ్లు మండదూ?" అంటారు పక్కింటి పిన్నిగారు. (ఆడది సిగరెట్ కాల్చడమే ఆవిడకు అసలు నేరంలా తోచినట్టుంది.)

నాకా వాదన మింగుడు పడలేదు. ఆయనకి ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. మంచమే ఖాళీ లేదు. పై వార్డుల్లో నర్సులు చాలక రోగుల్ని కిందే ఉంచేశారు మరి! కొరత పెట్టింది యాజమాన్యం, దెబ్బ తిన్నది డానా. మన గాంధీ ఆస్పత్రి సంగతి మరిచిపోయారా? 2020 జూన్‌లో కరోనా రోగి పోయాడని బంధువులు జూనియర్ డాక్టరును కొడితే, తోటివాళ్లంతా రోడ్డెక్కారు. రక్షణ ఒక్కటే కాదు, సిబ్బందిని పెంచండి, రోగులందర్నీ ఇక్కడికే పంపకండి అనీ అడిగారు.

రక్తం మరీ దగ్గరగా చూపిస్తారు, అన్నం తింటూ మాత్రం చూడకండి. డానా వేషానికి కాథరిన్ లానాసాకు 2025లో ఎమ్మీ బహుమతి వచ్చింది. వాచిన మొహంతో మళ్లీ డ్యూటీకి నిలబడ్డప్పుడు ఆవిడ కళ్లలో కనబడే అలసట కోసమైనా రెండోసారి చూడొచ్చు.