రాయి పోయినా లెక్క పోదు

ఛత్తీస్‌గఢ్‌లోని కిష్టారం అడవుల నుంచి దక్షిణానికి దిగితే గోదావరి లోయ వస్తుంది. కోంటా పక్కగా పారే శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ ఒడ్డుల నేల ఎన్ని ప్రభుత్వాల దస్త్రాల్లోకి ఎక్కిందో! భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకు వెళ్లాయి. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లాలో కలిశాయి. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాకు, 2014లో అందులో కొన్ని మండలాలు తిరిగి తూర్పు గోదావరి జిల్లాకు వచ్చాయి. ఉత్తరాన బస్తర్ సంస్థానం, కుడి ఒడ్డున నిజాం రాజ్యం. అందుకే ఈ లోయలో ఒక ఊళ్లో భూమి కాగితాన్ని పట్వారీ నక్షా అంటారు, ఇంకో ఊళ్లో టిప్పన్ అంటారు, దిగువకు వెళ్తే ఎఫ్‌ఎంబీ అంటారు.

వీటిలో నాకు అన్నిటికన్నా గొప్ప పనితనం కనిపించేది మద్రాసు సర్వే వాళ్ల ఎఫ్‌ఎంబీలో. ఎఫ్‌ఎంబీ అంటే ఊరి పొలాల కొలతల పుస్తకం. దాని జతగాడు ఇనాం రిజిస్టరు.

పాత రాజులు భూమిని దానమిస్తే రాగిరేకు మీద హద్దులను మాటల్లో చెక్కించేవారు: తూర్పున ఫలానా చెట్టు, దక్షిణాన పుట్ట, పడమర వాగు. ఆ చెట్టు కూలితే దానానికి సాక్షి పోయినట్టే. ఇలాంటి ఇనాములన్నిటినీ విచారించడానికి 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ ఏర్పడింది. భూమి ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అని ఇనాం రిజిస్టరులో గడి గడికీ రాయించింది. గుడి మాన్యం, అగ్రహారం, కరణం మాన్యం, చాకలి మాన్యం అన్నీ ఒకే వరుసలో ఎక్కాయి. ఆ విచారణ ఎంత జాగ్రత్తగా సాగిందంటే, 1919లో లండన్‌లోని అప్పీలు న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ కూడా ఆ రిజిస్టరును చాలా విలువైన సాక్ష్యంగా ఎంచింది.

భూమి ఎవరిదో రిజిస్టరు చెబుతుంది. అది ఎక్కడుందో చెప్పే పని ఎఫ్‌ఎంబీది. 1858లోనే మద్రాసు రెవెన్యూ సర్వే మొదలైంది. ముందు కోణాలు కొలిచే థియోడలైట్‌తో ఊరి పొలిమేర చుట్టి వచ్చేవారు. తరువాత ఊరిని ఖండాలు చేసి, ఖండంలో ఒక్కో పొలానికీ ఒక సర్వే నంబరు ఇచ్చేవారు. ప్రతి నంబరుకూ పుస్తకంలో సొంత పుట ఉంటుంది.

ఆ పుటను నిదానంగా చూడాలి. పొలం మూలల్లో రాళ్లు. ఒక మూల నుంచి ఎదురు మూలకు పొడుగాటి కర్ణరేఖ. ఆ రేఖ నుంచి రెండు పక్కలకూ గట్టు వంపు తిరిగిన ప్రతి చోటికీ నిలువుగా తీసిన చిన్న గీతలు, చేప వెన్నుముల్లుకు పక్కముళ్లలా. ఇవే ఆఫ్‌సెట్లు. ప్రతి గీత మొదలైన చోట ఒక అంకె, దాని పొడవు ఇంకో అంకె. బొమ్మ చినిగినా, సిరా వెలిసి గీతలు మాసిపోయినా, ఆ అంకెలు చదవగలిగితే చాలు, పొలం మళ్లీ లేస్తుంది. వరద వచ్చి రాళ్లు కొట్టుకుపోయిన చోట కూడా, మిగిలిన రెండు రాళ్లు ఆసరాగా గొలుసు లాగి, పోయిన రాయిని దాని పాత చోటే నాటవచ్చు. నది పక్క ఊళ్లకు ఇంతకంటే కావలసిందేముంది?

గొలుసులోనే ఒక అందమైన లెక్క దాగి ఉంది. ఇంగ్లీషు గణితవేత్త ఎడ్మండ్ గంటర్ 17వ శతాబ్దంలో రూపొందించిన ఆ గొలుసుకు 66 అడుగులు, 100 లింకులు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి ఒక సెంటు. కర్ణరేఖ 500 లింకులు, ఒక పక్క ఆఫ్‌సెట్ 200, రెండో పక్క 160 అనుకోండి. రెండు త్రిభుజాలు కలిపితే 90 వేల చదరపు లింకులు, అంటే 90 సెంట్లు. మండుటెండలో గట్టు మీద నిలబడి నోటితోనే తేల్చుకోవచ్చు. నిజాం టిప్పన్‌ది ఇంకో దారి. అక్కడ గొలుసు 33 అడుగులు, దానికి 16 ఆనాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. రూపాయిని ఆనాల్లో లెక్కపెట్టే రైతుకు అర్థమయ్యే కొలత అది.

ఇంకో జాగ్రత్త చూడండి. గట్టు ఇద్దరిదీ కాబట్టి దాని కొలత రెండు పుటల్లోనూ పడుతుంది, రెండూ సరిపోవాలి. తప్పు పడితే పక్క పుటే పట్టిస్తుంది. ముళ్లలో, బురదలో గొలుసు ఈడ్చిన చైన్‌మన్‌ల పేర్లు ఏ పుటలోనూ కనబడవు. ఆ అంకెల నిక్కచ్చితనం మాత్రం వాళ్లదే.

ఈ పనితనానికి అందని నేల కూడా ఉంది. కొండవాలు మీద కొన్నేళ్లు పోడు కొట్టి, తరువాత చోటు మార్చే కోయ రైతు పొలానికి రాయి ఉండదు, పుట ఉండదు. రాయి లేని సేద్యాన్ని సేద్యంగా లెక్కకట్టని కాగితం ఎంత చక్కగా గీసినా సగం కాగితమే.

ఇప్పుడు ఉపగ్రహాలు, డ్రోన్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. మంచిదే. కానీ కొత్త కొలతకూ పాతదానికీ తేడా వచ్చినప్పుడు, పాత పుట ఎదురుగా ఉంటేనే న్యాయం తేలుతుంది. పోలవరం జలాశయం నీళ్లు చేరే కూనవరం, వరరామచంద్రపురం మండలాల ఊళ్లకైతే నేల మునిగాక మిగిలేది ఆ పుటలే. వాటిని అసలు సైజులో, అంకె అంకె చదవగలిగేలా స్కాన్ చేయించి, నిర్వాసితులు వెళ్లిన ప్రతి కాలనీలో ఒక ప్రతి ఉంచాలని రెవెన్యూ, సర్వే శాఖలను కోరుతున్నాను.