కూడిక నడిపే అన్న

సోలాపూర్ దాజీ పేట్‌లో, తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. చద్దర్లు, తువ్వాళ్లు నేసే మరమగ్గాల చప్పుడు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఇలాంటి పనివాళ్ల బస్తీల్లో క్రైస్తవ యవ్వనస్థుల కూడిక నడిపేవాళ్లంటే నాకెంతో గౌరవం. అదీ ఒక పనితనమే.

వాక్యం చెప్పడం అందులో చిన్న భాగం. షిఫ్టు దిగే కుర్రాడి కోసం కూడిక వేళ మార్చాలి. రానివాణ్ణి వెతుక్కుంటూ వెళ్లాలి. వెళ్లి, ‘ఎందుకు రాలేదు’ అని కాదు, ‘తిన్నావా తమ్ముడూ’ అని అడగాలి. పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, తెగిన కొస వెతికి, ముడేసి, మళ్లీ అచ్చులోంచి లాగుతాడు. ఈ పనికీ అంత ఓపిక కావాలి.

యువకుల క్రైస్తవ సంఘమైన వైఎంసీఏ పుట్టిందీ ఇలాంటి పనివాళ్ల మధ్యే, బట్టల కొట్టు గుమాస్తాల మధ్య. 1844లో లండన్‌లో 22 ఏళ్ల జార్జ్ విలియమ్స్ తోటి గుమాస్తాలతో కలిసి దాన్ని మొదలుపెట్టాడు. పొద్దంతా చాకిరీ, కొట్టు మీదే పడక, ఊరు కాని ఊరు. ప్రార్థనా బైబిలూ వాళ్లను దగ్గర చేశాయి.

యేసు తన శిష్యులను స్నేహితులన్నాడు. అది నమ్మినవాడు బోధకుడి కంటే ముందు అన్న అవుతాడు. పెళ్లి కుదిరినా, పని పోయినా కుర్రాళ్లు ముందు అతని తలుపే తడతారు.