కావడివంటి స్టేషను

రాజమహేంద్రవరం వద్ద 1900లో పూర్తి అయిన హేవ్‌లాక్ వంతెనకు సుమారు 46 మీటర్ల అంకణాలు 56 ఉన్నవి. 1997లో దానిపై రైళ్లు ఆగిపోయినా, గట్టున నిలిచి చూచినవారికి దాని నిర్మాణసూత్రం ఇప్పటికీ తెలుస్తుంది: స్తంభం కింద, బరువు దాని నెత్తిన. హైదరాబాదు మెట్రో స్టేషనుకు ఈ సూత్రం ఒక్కటే చాలలేదు.

అక్కడ రైలు నడివీధి పైగా పోవాలి, కింద బస్సులు ఆగరాదు. రోడ్డుపై అడ్డదిడ్డంగా స్తంభాలు లేపితే దారి ఇరుకవుతుంది. అందుచేత 2017 నవంబరు 28న ప్రారంభమైన మియాపూరు - నాగోలు మార్గంలో సాధారణ స్టేషన్లను రోడ్డు మధ్యనున్న ఒంటివరుస స్తంభాలపై నిలిపి, ప్లాట్‌ఫారాలను ఇరుప్రక్కలకు రెక్కలవలె చాచినారు.

ఇది కావడి. రెండు కుండలూ సమంగా నిండితే భుజంమీద పడేది బరువు మాత్రమే. ఒకటి ఖాళీ అయితే బద్ద వాలుతుంది. మోసేవాడు దానిని కొంచెం జరుపుకుంటాడు. స్తంభానికి ఆ వీలు లేదు. ఉదయం ఒక ప్లాట్‌ఫారంపై 600 మంది నిలిచి, ఎదుటిది ఖాళీగా ఉన్నదనుకుందాం. మనిషికి 60 కిలోల వంతున 36 టన్నులు. ఆ గుంపు స్తంభాల మధ్యరేఖకు 8 మీటర్ల దూరాన ఉంటే, వాటిని వంచజూచే భ్రామకం 288 టన్ను-మీటర్లు. రేపు రెండవ ప్రక్క నిండవచ్చును. కనుక స్తంభంలో ఇనుపకడ్డీలు ఇరువైపులా ఉండాలి, పునాది ఆ ఒరుగుకు తట్టుకోవాలి. అసలు నేర్పంతా ఇక్కడనే ఉన్నది. దీనిని మెచ్చుకొనక తప్పదు.

మెచ్చరానిది మెట్ల పాదం వద్ద కనిపిస్తుంది. స్తంభాలు రోడ్డు మధ్య, ప్రయాణికుడు రోడ్డు అంచున. రెంటినీ కలిపే మెట్లు, లిఫ్టులు దిగేది కాలిబాట వైపునకే. బండ్లకు మిగిల్చిన చోటును నడిచేవాని వద్ద తీసుకొన్నట్లయినది! లిఫ్టు ఉన్నది నిజమే, అయితే చేతికర్రతో వచ్చే ముసలమ్మ ముందు ఆ లిఫ్టు వరకు చేరాలి కదా.

రెండు మార్గాలు ఒకదానిపై ఒకటి దాటే అమీరుపేటలో బండి మారేవారు వీధికి దిగనక్కరలేదు. పైన ఇంత ఆలోచించినవారు కింద నడిచేవానికి వదలిన దారి ఎన్ని అడుగులో కూడా పటంలో చూపవలసి ఉండెను. విజయవాడ, విశాఖపట్టణాల మెట్రో ప్రతిపాదనలను పరిశీలించేవారు మొట్టమొదట అడగవలసిన కొలత అదే.