ఒంటికి గడువివ్వాలి

పాండవుల మెట్ట గబగబా ఎక్కితే పెద్దాపురంలో ఎవరికైనా ఆయాసం వస్తుంది. బండ మీద ఐదు నిమిషాలు కూర్చుంటే పోతుంది. కేదార్‌నాథ్‌లో అలా కాదు. అక్కడా గాలిలో ప్రాణవాయువు 21 శాతమే గాని, 3,583 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి మన దగ్గరున్నదానిలో మూడింట రెండొంతులకు పడిపోతుంది. మంచమెక్కి పడుకున్నా ఆ కొరత తీరదు. అందుకే చార్‌ధామ్ వెళ్లే మనవాళ్లు స్వెట్టర్లు, మంకీ టోపీలతో పాటు ఒంటికివ్వాల్సిన గడువునూ లెక్కలో వేసుకోవాలంటాను. పైకి వెళ్లగానే ఊపిరి జోరవుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాంతో మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. ఈ పెనుగులాట నిద్రలో బయటపడుతుంది: శ్వాస కొన్ని క్షణాలు పూర్తిగా ఆగి, ఉన్నట్టుండి నాలుగైదు పెద్ద ఊపిర్లతో మళ్లీ అందుకుంటుంది. పక్కనున్నవాళ్లు హడలిపోయి తట్టి లేపుతారు. మూత్రపిండాలు బైకార్బొనేటును బయటికి పంపేదాకా, అంటే రెండు నుంచి నాలుగు రోజులు, ఆ కళ్లెం సడలదు. ఎర్రకణాలు పెంచమన్న కబురు గంటల్లోనే ఎముక మజ్జకు అందినా, పంట చేతికి రావడానికి వారాలు కావాలి.

కండబలం ఉంటే చాలదా? 1962 యుద్ధానికి మైదానాల నుంచి ఉన్నపళంగా హిమాలయాలకు తరలించిన జవాన్లు బలంలో ఎవరికీ తీసిపోరు. అయినా ఎందరో తలనొప్పితో, వాంతులతో పడిపోయారు. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇందర్ సింగ్ బృందం 1969లో ప్రచురించిన పరిశీలనలో అలా జబ్బుపడిన సైనికులే 1,925 మంది. మరి పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టే ఎక్కింది కదా అంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల భువనగిరి బండ మీద మొదలుపెట్టి, మంచుకొండల్లో శిక్షణ పొంది వెళ్లింది. ఆ యాత్రకే 52 రోజులు పట్టింది. ఎంత సాహసి అయినా, ఒళ్లు అడిగిన రోజులు ఇచ్చే పైకి వెళ్లింది.

హెలికాప్టర్‌లో వెళ్లి సాయంత్రానికి దిగొచ్చేస్తామనే మాటలో పస ఉంది. కొండజబ్బు తలనొప్పి సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాతే మొదలవుతుంది. కాని మబ్బు కమ్మితే హెలికాప్టర్ ఎగరదు, రాత్రి అక్కడే గడపాలి. డాక్టరు రాసే అసిటజోలమైడ్ మాత్ర మూత్రపిండాల పనిని త్వరపెడుతుంది, నిజమే. ఎర్రకణాలను మాత్రం పెంచదు. రెండు వేల మీటర్లకు దగ్గరున్న గౌరీకుండ్‌లో ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఆగడం ఇంతకంటే మేలు. పైన తలనొప్పి ముదిరినా, నడక తూలినా దిగిపోవడమే అసలు మందు. నా దిగులంతా పెద్దవాళ్ల గురించే. పిల్లల యాత్ర పాడవుతుందని తలనొప్పిని బస్సు అలసటగా చెప్పి దాచేస్తారు. పడుకోబోయే ముందు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, తల ఎలా ఉందని రెండుసార్లు అడగండి.