వర్చువల్ ప్రపంచంలో నెట్‌వర్కింగ్ పరీక్ష: ఫలితమూ గ్రహింపూ

కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో విద్యార్థి గ్రహింపును కాగితంపై తూచడం కష్టం. రూటర్ నిర్వచనం తప్పులేకుండా రాసినవారికి దాన్ని సరిచేయడం రాకపోవచ్చు. అసలు పరికరాలతో ప్రయోగశాలను ఏర్పరచడం ఆత్మకూరు వంటి పట్టణాల్లో ఖర్చుతో కూడిన పని. ఈ లోటును పూరించే వర్చువల్ ప్రపంచాల్లో సిస్కో సంస్థ రూపొందించిన ప్యాకెట్ ట్రేసర్ సుప్రసిద్ధం. అందులో నగరం, భవనం, తీగల గది తెరమీద కనిపిస్తాయి. సమాచార ప్యాకెట్ కవరు రూపంలో ఒక యంత్రం నుంచి మరొకదానికి కదులుతుంది. బోధనా సాధనంగా దీని విలువ నిర్వివాదం. మూల్యాంకన సాధనంగా మాత్రం దీన్ని నిశితంగా పరిశీలించవలసి ఉంది.

ఇందులోని పరీక్ష, అధ్యాపకుడు ముందే నిర్మించిన జవాబు నెట్‌వర్క్‌తో విద్యార్థి నెట్‌వర్క్‌ను పోల్చి శాతం చూపుతుంది. యంత్రాల మధ్య సంబంధం కుదిరిందా అని కూడా పరీక్షించగలదు. రూటర్‌కు ఇరువైపులా 192.168.1.10, 192.168.2.10 చిరునామాలున్న రెండు కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. గేట్‌వే చిరునామా లోపించడంతో ఒకటి పంపిన పింగ్‌కు రెండోదాని నుంచి జవాబు రాదు. రెండో కంప్యూటర్ తీగను తీసి మొదటి స్విచ్‌కే కలిపి, చిరునామాను 192.168.1.11గా మార్చినా పింగ్ విజయవంతమవుతుంది. అక్కడ రూటింగ్ అర్థంకాలేదు, రూటరే తప్పించబడింది! పింగ్‌ను మాత్రమే చూసే పరీక్ష దీనికి మార్కులిస్తుంది. పోలికను మాత్రమే నమ్మే పరీక్షది మరో దోషం: జవాబులో గేట్‌వే 192.168.1.254 అయి, విద్యార్థి రూటర్‌కూ కంప్యూటర్‌కూ పొందికగా 192.168.1.1 ఇస్తే, పనిచేసే నెట్‌వర్క్‌కే మార్కులు తగ్గుతాయి.

మరొక సందర్భం ఇంకా సూక్ష్మమైనది. అన్నీ సరిగా అమర్చినా నాలుగు పింగ్‌లలో మొదటిది తరచు విఫలమవుతుంది. అవతలి యంత్రపు హార్డ్‌వేర్ చిరునామాను ఏఆర్‌పీ అప్పుడే వెతుకుతూ ఉండడం దీనికి కారణం. తెలిసిన విద్యార్థి మళ్లీ పింగ్ చేస్తాడు. తెలియనివాడు సరైన అమరికను విప్పడం మొదలుపెడతాడు. చివరి శాతంలో ఈ తేడా కనిపించదు. చేసిన పనుల వరుసలో కనిపిస్తుంది. ఏమి నిరూపించదలచామో, దానికి ఏది సాక్ష్యమో నిర్ణయించాకే ప్రశ్నను రూపొందించాలన్న రాబర్ట్ మిస్లెవీ ప్రభృతుల సాక్ష్యాధార మూల్యాంకన పద్ధతి ఇక్కడే అవసరమవుతుంది.

ఈ దృష్టి తెలుగువారికి కొత్తది కాదు. అమరచింత సంస్థానానికి కేంద్రమైన ఆత్మకూరు పండితాదరణకు పేరుపొందినది. అవధానంలోని నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు పూర్తయిన పద్యం కోసం వేచి ఉండడు. అక్షరం అక్షరానికీ దారి మూస్తాడు, అవధాని మరో దారి వెతుక్కుంటాడు. పరీక్ష మధ్యలో ఒక లింకును తెంచి విద్యార్థి ఏం చేస్తాడో గమనించడం ఇటువంటిదే. పోలిక మరీ దూరం పోదు: అవధాని ఛందస్సును ముందే అభ్యసించి సభకు వస్తాడు, గ్రామీణ విద్యార్థి ఆ తెరను తొలిసారి పరీక్షనాడే చూడవచ్చు.

ఈ చివరి అంశం చిన్నది కాదు. పాత్రను నడిపించవలసిన త్రిమితీయ లోకాల్లో వీడియో ఆటలకు అలవాటుపడ్డ వేళ్లకే మొగ్గు ఉంటుంది. మార్కులు తగ్గినప్పుడు రూటింగ్ తెలియకనా, ఆ లోకంలో నడవడం తెలియకనా అన్నది చెప్పలేని పరీక్ష ఆధారంగా ఉద్యోగార్హతను తేల్చడం అన్యాయం. ముందుగా మార్కులు లేని సాధన, పరీక్షలో చర్యల నమోదు, తీగను ఎందుకు మార్చావో తెలుగులో రెండు వాక్యాలు రాయమనే ప్రశ్న ఉంటే, పైన చెప్పిన 192.168.1.11 విద్యార్థి ఆలోచన అక్కడ బయటపడుతుంది.